శబ్దమొస్తే షాకబ్జర్లు మార్చెయ్యడమేనా?

కారు వెనకనుంచి గుర్రుమంటోందని సర్వీస్ సెంటరుకిస్తే, నడిపి చూడకుండానే షాకబ్జర్లు రెండూ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. బగ్ రిప్రొడ్యూస్ చెయ్యకుండా కోడు మార్చేస్తే మన లీడు ఊరుకుంటాడా?

స్పీడుతోపాటు పెరిగే గుర్రు షాకబ్జరుది కాదండీ బాబూ! పరుగులో న్యూట్రల్ చేసినా పోలేదంటే ఇంజనుదీ కాదు. ఎడమకి తిరిగే మలుపులో బరువు కుడి చక్రాలమీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడి వీల్ బేరింగునే అనుమానించాలి. (వంకరగా అరిగిన టైరూ ఇలాగే మోగుతుంది. వెనకవి ముందుకి వేసి చూస్తే తేలిపోతుంది.) గతుకుల్లోనే దడదడమంటే అప్పుడు షాకబ్జర్లూ, బుష్షులూ చూడాలి. అంతకన్నా ముందు డిక్కీలో జాకీ వదులైందేమో చూడాలి!

కనిపెట్టినందుకు డబ్బులడిగితే సంతోషంగా ఇస్తాను. కానీ లాభమంతా పార్టులు అమ్మడంలోనే ఉంటే శబ్దం ఎవడు వింటాడు? నేనైతే సంతకం పెట్టలేదు. మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని ఓ రౌండు తిరిగొచ్చాకే మాట్లాడదామన్నాను.