విద్యార్థుల క్షేత్ర పర్యటనలకు ముందస్తు ప్రమాద అంచనా: విశ్వవిద్యాలయాల బాధ్యత

వ్యవసాయ విద్యలో ప్రయాణం పాఠ్యప్రణాళికలో అంతర్భాగం. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐదవ డీన్ల కమిటీ సిఫారసుల ప్రకారం బి.ఎస్సీ. (ఆనర్స్) వ్యవసాయ విద్యార్థి చివరి సంవత్సరంలో గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమానికి, వ్యవసాయ పరిశ్రమలలో శిక్షణకు కలిపి 20 వారాలు వెచ్చించవలసి ఉంటుంది. ఇవి గాక విజ్ఞాన యాత్రలు, పరిశోధన స్థానాల సందర్శనలు, స్నాతకోత్తర విద్యార్థుల నమూనా సేకరణ పర్యటనలు ఉండనే ఉన్నాయి. వెళ్ళకపోతే పట్టా రాదు. వెళ్ళమని ఆదేశించేది విశ్వవిద్యాలయమే కాబట్టి, ఆ ప్రయాణంలోని అపాయాన్ని ముందుగా తూచి చూడవలసిన బాధ్యత కూడా విశ్వవిద్యాలయానిదే.

ఆచరణలో మాత్రం అనేక సంస్థలలో భద్రత పేరిట జరిగేది ఒక్కటే: తల్లిదండ్రుల నుండి హామీ పత్రం తీసుకోవడం. ఏ ప్రమాదం జరిగినా సంస్థకు బాధ్యత లేదన్న అర్థం వచ్చే నాలుగు పంక్తుల క్రింద తండ్రి సంతకం చేస్తాడు. ఏ గ్రామానికి పంపుతున్నారో, అక్కడ వసతి ఎటువంటిదో, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో ఆ పత్రంలో ఉండదు. అపాయమేమిటో తెలియకుండా చేసిన సంతకాన్ని సమ్మతి అనలేము. ఆ కాగితం విద్యార్థి ప్రాణానికి ఏ విధంగానూ అడ్డుపడదు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లా తలౌట్ వద్ద జరిగిన దుర్ఘటనను తెలుగువారు మరువలేరు. విజ్ఞాన యాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలోని బండరాళ్ళపై నిలబడి ఉండగా, ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుండి విడుదలైన నీరు ముంచుకొచ్చింది. 24 మంది విద్యార్థులు, యాత్రా నిర్వాహకులలో ఒకరు కొట్టుకుపోయారు. ఒక్కొక్క విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016లో అక్కడి ఉన్నత న్యాయస్థానం ఆదేశించింది. ఆ మొత్తంలో విద్యుత్ బోర్డుతో పాటు కళాశాల యాజమాన్యం కూడా వాటా భరించాలని తీర్పు చెప్పింది. పిల్లలను వెంట తీసుకువెళ్ళిన సంస్థ బాధ్యత ప్రాంగణపు గేటు దగ్గర ముగిసిపోదని దీని భావం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా 2015లో ప్రాంగణం లోపల, వెలుపల విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు జారీ చేసింది. ఆనకట్టకు దిగువన నది నిశ్చలంగా కనిపించినా క్షణాలలో పొంగవచ్చునన్న ఒక్క సంగతిని బయలుదేరే ముందు ఎవరైనా వ్రాసి పెట్టుకొని ఉంటే, ఆ రోజు బస్సు అక్కడ ఆగి ఉండేది కాదేమో.

వ్యవసాయ విద్యార్థికి ఎదురయ్యే అపాయాలు మరింత నిత్యకృత్యమైనవి, అందుకే మన దృష్టికి ఆనవు. గ్రామ వాస కార్యక్రమం సాధారణంగా ఖరీఫ్ కాలంలో సాగుతుంది. పాములు, పిడుగులు, తడి నేలలో మోటారు తీగలు, గట్టులేని బావులు, పురుగుమందుల పిచికారీ అన్నీ ఆ నెలలలోనే. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కాటువేస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలైతే అజీర్ణమని పొరబడే అవకాశముంది. విద్యార్థులకు నేలపై చాప బదులు మంచం, దోమతెర సమకూర్చడం ఈ అపాయాన్ని బాగా తగ్గిస్తుంది. ఖర్చు స్వల్పమే. అయినా మన కార్యక్రమాల ప్రణాళికలలో ఈ అంశం అరుదుగా కనిపిస్తుంది.

పురుగుమందుల విషయం మరింత ఆలోచింపదగినది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో పిచికారీ చేస్తూ పలువురు రైతులు, కూలీలు విషప్రభావంతో మరణించారు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు చర్మం ద్వారా కూడా శరీరంలోకి ప్రవేశిస్తాయని మనమే తరగతిలో బోధిస్తాము. పిచికారీ చేసిన చేనిలోకి మరునాడే పురుగుల లెక్కకు విద్యార్థిని చేతితొడుగులు లేకుండా పంపేదీ మనమే. ఇక రోడ్డు ప్రమాదాల సంగతి చెప్పనక్కరలేదు. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. మండల కేంద్రం నుండి గ్రామానికి ద్విచక్ర వాహనంపై ముగ్గురు వెళ్ళడం, విజ్ఞాన యాత్రలో వసతి ఖర్చు కలిసివస్తుందని రాత్రంతా బస్సు నడిపించడం మన కళ్ళముందే జరుగుతున్నవి.

సమగ్ర సస్యరక్షణలో మనం రైతుకు చెప్పే మొదటి మాట ఏమిటి? ముందు చేను పరిశీలించు, పురుగు ఉద్ధృతిని లెక్కించు, ఆర్థిక నష్ట పరిమితిని బట్టి నిర్ణయం తీసుకో అని. విద్యార్థుల పర్యటనలకూ ఇదే క్రమం వర్తిస్తుంది. అపాయకరమైన అంశాలను గుర్తించడం, ఒక్కొక్కటి జరగడానికి గల అవకాశాన్ని, జరిగితే కలిగే నష్ట తీవ్రతను అంచనా వేయడం, తగ్గించే చర్యను, దానికి బాధ్యుడిని నిర్ణయించడం: ప్రమాద అంచనా అంటే ఇంతే. తొలగించగల అపాయాన్ని తొలగించాలి. తొలగించలేనిదానికి మాత్రమే తొడుగులు, శిరస్త్రాణం వంటి వ్యక్తిగత రక్షణపై ఆధారపడాలి.

ఈ దృష్టితో కొన్ని సూచనలు చేస్తున్నాను. విద్యార్థులను కేటాయించే ముందు కార్యక్రమ సమన్వయకర్త గ్రామాన్ని స్వయంగా చూసి, వసతి, మరుగుదొడ్డి, తాగునీరు, రవాణా పరిస్థితిని రెండు పుటలకు మించని పత్రంలో నమోదు చేయాలి. పాము విషానికి విరుగుడు, కుక్కకాటు టీకా అందుబాటులో ఉన్న ఆసుపత్రి ఏదో ఫోను చేసి నిర్ధారించుకోవాలి. ఉబ్బసం, మూర్ఛ, తేనెటీగ కాటు పడకపోవడం వంటి ఆరోగ్య వివరాలను విద్యార్థి నుండి గోప్యంగా సేకరించాలి. అవి అతనిని మినహాయించడానికి గాక, అతనికి తగిన ఏర్పాటు చేయడానికే ఉపయోగపడాలి. రాత్రి 10 గంటల తర్వాత యాత్రా బస్సు నడపకూడదన్న నియమం ఉండాలి. వాతావరణం బాగులేనప్పుడు కార్యక్రమాన్ని అక్కడికక్కడే ఆపివేసే అధికారం వెంట ఉన్న అధ్యాపకునికి వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. త్రుటిలో తప్పిన ప్రమాదాలను కూడా, ఎవరినీ శిక్షించకుండా, నమోదు చేసి మరుసటి సంవత్సరపు ప్రణాళికలో వినియోగించుకోవాలి.

దీనికి రెండు అభ్యంతరాలు వినవస్తాయి. ఇప్పటికే కాగితాల భారం ఎక్కువైందన్నది మొదటిది. ఇది సహేతుకమే. అన్ని గ్రామాలకు ఒకే పత్రాన్ని నకలు తీసి సంతకం చేస్తే హామీ పత్రానికి తోడు మరొక హామీ పత్రం చేరుతుంది, అంతే. అందుకే పత్రం చిన్నదిగా, చూసినవాడే వ్రాసేదిగా ఉండాలి. రెండవ అభ్యంతరం మరింత బలమైనది: భద్రత పేరు చెబితే సంస్థలు పర్యటనలనే మానుకుంటాయని, ముఖ్యంగా విద్యార్థినులను ప్రాంగణం దాటనివ్వవని. ఈ భయం నిరాధారం కాదు. అయితే విద్యార్థినిని ఆపివేయడం అంచనా లేకపోవడం వలన కలిగే ఫలితమే. ఏ అపాయం ఉందో తెలియనివాడు అన్నింటికీ భయపడతాడు. తెలిసినవాడు తలుపుకు గడియ, మరుగుదొడ్డి, మండల కేంద్రం నుండి నమ్మకమైన వాహనం ఏర్పాటు చేసి ఆమెను పంపుతాడు.

గ్రామాన్ని చూడని వ్యవసాయ పట్టభద్రుడు రైతుకు ఉపయోగపడడు. కనుక పర్యటనలు కొనసాగాలి, విస్తరించాలి. రాబోయే ఖరీఫ్‌కు గ్రామాల కేటాయింపు జరిగే నాటికి ప్రతి కళాశాల తన హామీ పత్రాన్ని ఒకసారి తిరిగి చదివి, అందులో విద్యార్థిని కాపాడే వాక్యం ఎక్కడ ఉందో వెదకాలి. లేనట్లయితే, దానిని వ్రాయవలసినది తల్లిదండ్రులు కాదు, మనమే.