సోదరీమణుల లేఖలు: “తులసిదళం”

బాలిక తులసిపై కాష్మోరా ప్రయోగమును వర్ణించిన యండమూరి వీరేంద్రనాథ్ గారి “తులసిదళం” గూర్చి మాకు రెండు లేఖలు వచ్చినవి. నల్లగొండ సోదరి దీపమార్పక తెల్లవారువఱకు చదివితినని మెచ్చినారు. పాలమూరు సోదరి మాత్రము, తమ యూర బిడ్డకు జ్వరము తగిలిన బాణామతి యని దిక్కులేని యవ్వను నిందింతురనియు, ఇట్టి కథ లా నిందకు బలమిచ్చుననియు వగచినారు.

ఆమె భయము న్యాయమని మాకు దోచినది. అయినను చదువుట మానవలదు. 1994లో దివంగతులైన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ సాక్ష్యము దొరకనిదే యెవ్వరిని దోషి యనడు. సోదరీమణులారా, పుస్తకము మూసిన పిదప మన మాతని మార్గమునే యనుసరింతము. బిడ్డను వైద్యునికి జూపుడు, అవ్వను నిందింపకుడు.