కొలువులో కడలి విమానము

సంక్రాంతి బొమ్మలకొలువులో కొండపల్లి యంబారీ ప్రక్కను రేకు విమానమొకటి నిలుచుట మన బందరు ఇండ్లలో ఎల్లరును చూచినదే. కాని నిజమైన విమానము కొలతలు సంపాదించి, వానిని డెబ్బదిరెండవ వంతునకు దింపి, రెక్క రెక్కకు లెక్క సరిచూచుకొనుచు ప్రతిరూపమును నిర్మించుట వేఱు పని. ఆ పనిని గూర్చి, అందును నౌకాదళపు జెట్టు విమానముల నమూనాలను గూర్చి వ్రాయదలచితిమి. పిల్లలాటకు సంపాదకీయమా యని నవ్వువారు నవ్వుదురు గాక.

1961లో మన నౌకాదళమున చేరిన విక్రాంత్ నౌకను పాఠకులు స్మరింతురు గాక. 1971 డిసెంబరు 4వ తేదీని దానిపైనుండి లేచిన సీ హాక్ విమానములు కాక్సుబజారు, చిట్టగాంగుల మీద దాడి చేసినవి. ఆ నౌకను వెదకుచు వచ్చిన ఘాజీ యను పాకిస్థాను జలాంతర్గామి ఆ దినములలోనే విశాఖ యెదుట మునిగినది. మన బంగాళాఖాతమున నడచిన కథ యిది. అట్టి నౌక 1997లో విశ్రమించి, బొంబాయిలో కొన్నియేండ్లు ప్రదర్శనశాలగా నుండి, పోషణము భారమని 2014లో తుక్కుగా విఱుగగొట్టబడినది! 2022లో అదే పేర క్రొత్త నౌక వచ్చినది, సంతోషమే. కాని పాతదానిని చూడగోరు బాలునకు నేడు నమూనా తప్ప వేఱు గతి లేదు.

డెబ్బదిరెండవ వంతు అనగా ఆరడుగుల మనిషి ఒక అంగుళమగుట. దాదాపు నలువది అడుగుల పొడవు గల సీ హాక్ ఆరున్నర అంగుళములలో ఇముడును. 1942లో అమెరికా నౌకాదళము తన దేశపు విద్యార్థులను అయిదులక్షల నమూనాలు ఈ కొలతనే చెక్కి యిండని కోరినది. శత్రువిమానమేదో మిత్రవిమానమేదో సైనికులకు చూపి నేర్పుటకై. ముప్పదియైదు అడుగుల దూరమున పట్టుకొన్న ఆ చెక్కబొమ్మ, అరమైలు దూరమున ఎగురు విమానమంతగా కనుపించును. బడిపిల్లల చేతిపనిని ఆ దేశము చిన్నచూపు చూడలేదు.

చేయువానికి ప్రశ్నలు పుట్టును. అదియే అందలి లాభము. సీ హాక్ రెక్కలు నిలువుగా మడచుకొనునేల? ఓడలో చోటు చాలదు గనుక. దాని తోకక్రింద కొక్కెమేల? ఓడపై అడ్డముగ కట్టిన ఉక్కుత్రాళ్లను పట్టుకొని ఆగుటకు. 1983లో వచ్చి 2016లో విరమించిన సీ హారియరుకు ఆ కొక్కెము లేదు. దాని నాలుగు గొట్టములు క్రిందికి తిరుగును గనుక అది నిట్టనిలువుగా దిగగలదు. హారియరునకు కొక్కెము తగిలించిన బాలుడు దానిని చూడలేదన్నమాట, బొమ్మను మాత్రమే చూచినాడు.

ఇంగ్లండు, జపాను దేశములనుండి వచ్చు పెట్టెలలో ప్లాస్టిక్ ముక్కలు సిద్ధముగ నుండును, అతికించుటయే పని. అవి వలదనము. కాని సామాన్యులకు వెల అందదు. మనకు తెల్లపొణికి యున్నది. అతుకులు పూడ్చుటకు పరదేశి గొట్టములలో కొను మైనమువంటి పదార్థమునకు మారుగ, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కు కొండపల్లివారి యింట ఏనాటినుండియో యున్నది. నిజము దాచనేల, పొణికి మెత్తని కఱ్ఱ. రెక్కయంచు పలుచన చేసిన విఱుగును. అచ్చట టేకుపలక వాడవలయును. 1910లో చేతిపనులకు పీటవేసిన జాతీయ కళాశాల వెలసిన యూరు, 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ పేర శాస్త్రపరికరములు చేయ నారంభించిన యూరు బందరు. ఈ యూరివారికి కొలబద్ద పట్టుట ఒకరు నేర్పవలయునా?

ఇవి చంపు యంత్రములు గదా, పిల్లల యెదుట పూజింప నేల యని కొందఱందురు. ఆ మాట త్రోసివేయరానిది. నమూనా క్రింది పలకపై దాడిచేసిన తేది మాత్రమే వ్రాసి, ఆ యుద్ధమున మడిసినవారి మాట విడిచినయెడల ఆక్షేపణము న్యాయమే. పలకను పూర్తిగ వ్రాయుదము. దీవిసీమలో నాగాయలంక చెంత క్షిపణి పరీక్షాకేంద్రమునకు 2025లో శంకుస్థాపన జరిగినది. తన తీరమున ఏమి జరుగబోవుచున్నదో అవనిగడ్డ బాలునకు తెలియకపోవుట మాత్రము శాంతి యనిపించుకొనదు.

కావున బందరు, గుడివాడ, అవనిగడ్డ గ్రంథాలయముల నిర్వాహకులను మేము కోరునది స్వల్పము. ఒక్కొక్క అద్దపుబీరువా ఇప్పింపుడు. ఉప్పుగాలికి రంగు పొరలెత్తును గనుక తలుపు బిగువుగ నుండవలయును. క్రింది అరలో సీ హాక్, సీ హారియరు నిలువవలయును. పై యర ఏడడుగులకు తక్కువ కానిదిగ కట్టింపుడు. ఏడువందల అడుగుల విక్రాంత్ నూఱవ వంతునకు దించినను దానికి ఆమాత్రము చోటు కావలయును.