కేసు గెలిచారు... దుకాణం మూశారు

2024 ఫిబ్రవరి 26న అమెరికాలోని రోడ్ ఐలండ్ ఫెడరల్ కోర్టులో నింటెండో కంపెనీ ఒక దావా వేసింది. మార్చి 4కల్లా ఆ గొడవ ముగిసిపోయింది. సాక్షులు లేరు, వాదోపవాదాలు లేవు. అవతలి వాళ్లు 24 లక్షల డాలర్లు కట్టడానికి, తమ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా ఆపేయడానికి ఒప్పుకుని రాజీ పడ్డారు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు యుజు. నింటెండో స్విచ్ అనే గేమ్ మిషన్ మీద ఆడాల్సిన ఆటల్ని మామూలు కంప్యూటర్ మీద ఆడించే ఎమ్యులేటర్ అది. అదే ఏడాది అక్టోబర్‌లో ర్యుజింక్స్ అనే మరో స్విచ్ ఎమ్యులేటర్ కూడా ఆగిపోయింది.

పిల్లలాటల గొడవ మనకెందుకు అని పేజీ తిప్పేయకండి. మన క్యాంపుల్లో డ్యూటీ అయ్యాక పై బెడ్డు మీద పడుకుని ఫోన్‌లో పాత ప్లేస్టేషన్ ఆటలు ఆడే కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఊళ్లో మన పిల్లల ఫోన్లలోనూ అవే. ఆ ఆటల్ని నడిపించేది ఎమ్యులేటరే. ఇది నేరమా కాదా అని రూములో అడిగి చూడండి. ఒకాయన నేరమే అంటాడు. ఇంకొకాయన "ఫ్రీగా దొరికింది, తప్పేముంది" అంటాడు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

దుబాసీ చేసే పని

ముందు అసలు ఎమ్యులేటర్ అంటే ఏమిటో చూద్దాం. మా సైట్లలో ఇంజనీరు ఇంగ్లీషులో చెబుతాడు. తాపీ మేస్త్రికి బెంగాలీ తప్ప రాదు. మధ్యలో రెండూ వచ్చినవాడు ఒకడుంటేనే గోడ లేస్తుంది. ఎమ్యులేటర్ కూడా అలాంటి దుబాసీయే. గేమ్ మిషన్‌లో ఉండే చిప్‌కు ఒక భాష, మన కంప్యూటర్‌లో ఉండే చిప్‌కు ఇంకో భాష. ఆట ఇచ్చే ఒక్కో ఆదేశాన్నీ కంప్యూటర్‌కు అర్థమయ్యేలా అప్పటికప్పుడు మార్చి చెప్పడమే దాని పని. ప్రతి మాటకూ తర్జుమా కావాలి కాబట్టి ఆలస్యం తప్పదు. అందుకే అసలు మిషన్ కంటే చాలా రెట్లు వేగం ఉన్న కంప్యూటర్ కావాలి.

నింటెండో 1983లో జపాన్‌లో ఫామికామ్ అనే మిషన్ తెచ్చింది. అమెరికాలో అదే ఎన్ఈఎస్ పేరుతో వచ్చింది. మొత్తం 6 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని చిప్ వేగం 2 మెగాహెర్ట్జ్ కూడా లేదు. అయినా దాన్ని సరిగ్గా అనుకరించే శక్తి మామూలు ఇంటి కంప్యూటర్లకు వచ్చేసరికి 1990ల మధ్య అయింది.

మన దగ్గర 1990లలో టీవీకి తగిలించుకుని, క్యాసెట్ పెట్టి మారియో, కాంట్రా ఆడిన మిషన్లు గుర్తున్నాయా? వాటిలో చాలా మటుకు ఈ ఫామికామ్‌కు నకళ్లే. నింటెండో పేరు వినకుండానే మనలో ఎంతోమంది నింటెండో ఆటలు ఆడేశాం. అయితే అవి చిప్‌నే నకలు తీసిన మిషన్లు. ఎమ్యులేటర్ అలా కాదు. అందులో చిప్ ఉండదు, ఉత్త ప్రోగ్రామే.

సరదాగా మొదలైంది

ఈ ప్రోగ్రాములు మొదట రాసింది కంపెనీలు కావు. మిషన్ లోపల ఏముందో విప్పి చూడాలనే పట్టుదల ఉన్న కుర్రాళ్లు. రష్యా నుంచి వచ్చిన మరాట్ ఫైజులిన్ 1996 ప్రాంతంలో ఐనెస్ అనే ఎన్ఈఎస్ ఎమ్యులేటర్ తెచ్చారు. ఆయన పెట్టిన ఫైల్ పద్ధతే తర్వాత అందరికీ కొలబద్ద అయింది. 1997 ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మేమ్ అనే ప్రోగ్రామ్ విడుదల చేశారు. నాణెం వేసి ఆడే పెద్ద ఆర్కేడ్ మిషన్ల ఆటలు పాడైపోకుండా దాచిపెట్టాలన్నది దాని ఉద్దేశం. అదే ఏడాది ఏప్రిల్‌లో నెస్టికల్ వచ్చింది. ఉచితం, పైగా పాత 486 కంప్యూటర్ మీద కూడా నడిచింది. దాంతో ఎమ్యులేటర్ అనే మాట ఇంటింటికీ పాకింది.

అప్పటిదాకా కంపెనీలు పెద్దగా కంగారు పడలేదు. అవన్నీ అమ్మకాలు అయిపోయిన పాత సరుకు. సంగతి మారింది 1999 జనవరిలో. ఆ నెలలో అల్ట్రాహెచ్ఎల్ఈ అనే ఎమ్యులేటర్ వచ్చింది. అది అనుకరించింది నింటెండో 64ని. 1996లో వచ్చిన ఆ మిషన్ అప్పటికింకా షాపుల్లో అమ్ముడవుతోంది. ఇంత కొత్త మిషన్‌ను మామూలు కంప్యూటర్ ఎలా అందుకుంది? రాసినవాళ్లు ఒక ఉపాయం చేశారు. ప్రతి మాటనూ తర్జుమా చెయ్యలేదు. అనుభవం ఉన్న దుబాసీ ఇంజనీరు చెప్పేదంతా విని "స్లాబ్ వెయ్యమంటున్నాడు" అని ఒక్క ముక్కలో చెప్పినట్టు, ఆట ఏం చెయ్యాలనుకుంటోందో పసిగట్టి, ఆ పనిని కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డు చేత నేరుగా చేయించారు. నింటెండో మండిపడింది. రాసినవాళ్లు ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే కాపీలు ప్రపంచమంతా పాకిపోయాయి.

సోనీ వేసిన రెండు కేసులు

అదే 1999 జనవరిలో కనెక్టిక్స్ అనే కంపెనీ వర్చువల్ గేమ్ స్టేషన్ తెచ్చింది. ఆపిల్ మాక్ కంప్యూటర్ మీద సోనీ ప్లేస్టేషన్ ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్ అది. ధర 49 డాలర్లు. స్టీవ్ జాబ్స్ ప్రసంగించిన మాక్‌వరల్డ్ సభలోనే దాన్ని చూపించారు. ఇది కుర్రాళ్ల సరదా కాదు, డబ్బాలో పెట్టి అమ్మే సరుకు. సోనీ ఆ నెలలోనే కోర్టుకెక్కింది. ఏప్రిల్‌లో కింది కోర్టు అమ్మకాలు ఆపమంది.

కనెక్టిక్స్ ఇంజనీర్లు చేసిందేమిటి? ఒక ప్లేస్టేషన్ కొన్నారు. దాన్ని నడిపించే మూల ప్రోగ్రామ్‌ను చిప్ నుంచి బయటికి తీసి చదివారు. అది ఏ పని ఎలా చేస్తుందో తెలుసుకుని, అదే పని చేసే ప్రోగ్రామ్‌ను తమ సొంతంగా రాసుకున్నారు. అమ్మిన సరుకులో సోనీ రాసిన ముక్క ఒక్కటీ లేదు. అయితే చదవడం కోసం మధ్యలో కాపీ తీశారు. అది నేరమని సోనీ వాదన.

2000 ఫిబ్రవరిలో పై కోర్టు కింది కోర్టు ఉత్తర్వును కొట్టేసింది. పనితీరు తెలుసుకోవడానికి మరో దారి లేనప్పుడు మధ్యలో తీసే కాపీ న్యాయమైన వాడకమే అంది. 1992లో సెగా, అక్కొలేడ్ కంపెనీల మధ్య నడిచిన కేసులో ఇదే కోర్టు ఇలాంటి మాటే చెప్పి ఉంది. మా భాషలో చెప్పాలంటే, ఎదురింటి మేడ చూసి, కొలతలు తీసుకుని, మన ఇటుక, మన సిమెంటుతో అలాంటిదే కట్టుకోవచ్చు. ఎదురింటి ఇటుకలు మాత్రం ఎత్తుకురాకూడదు.

రెండో కేసు బ్లీమ్ అనే చిన్న కంపెనీ మీద. మామూలు పీసీ మీద ప్లేస్టేషన్ ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్‌ను వాళ్లు 1999లోనే అమ్మకానికి పెట్టారు. సోనీ ఆటల బొమ్మలను తమ ప్రకటనల్లో పక్కపక్కన పెట్టి, మా దాంట్లో ఇంకా బాగా కనిపిస్తుంది చూడండి అని చూపించారు. దాని మీదా సోనీ తగువు పెట్టింది. 2000 మేలో కోర్టు అదీ న్యాయమైన పోలికేనంది. బ్లీమ్ గెలిచింది.

మరి గెలిచినవాళ్లు ఏమయ్యారు? కనెక్టిక్స్ సాఫ్ట్‌వేర్‌ను 2001లో సోనీయే కొనేసి, అమ్మకం ఆపేసింది. బ్లీమ్ లాయర్ల ఖర్చు భరించలేక 2001 చివర్లో మూతపడింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ బాధ మనవాళ్లకు కొత్త కాదు. జీతం బకాయి కోసం కేసు వేసి, న్యాయం తన వైపే ఉన్నా, అన్ని నెలలు పని లేకుండా తిండి, రూము ఖర్చు భరించలేక ఎంతోకొంత తీసుకుని విమానం ఎక్కేసినవాళ్లు మనకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. హక్కు ఉండటం ఒక ఎత్తు, తీర్పు దాకా నిలబడే శక్తి ఉండటం ఇంకో ఎత్తు. పెద్ద కంపెనీ దాన్నే నమ్ముకుంటుంది.

ఇప్పుడు తాళం వచ్చింది

యుజు కేసును ఈ వెలుగులో చూడాలి. అయితే 1999కీ 2024కీ ఒక తేడా ఉంది. పాత క్యాసెట్ ఆటలకు ఇప్పటిలాంటి సంకేత తాళాలు లేవు. స్విచ్ ఆటలకు ఉన్నాయి. 1998లో అమెరికా తెచ్చిన డీఎంసీఏ చట్టం ప్రకారం ఆ తాళం తీయడమూ, తీసే సాధనం పంచడమూ నేరం. నింటెండో తన వాదనను ఈ తాళం మీదే నిలబెట్టింది. 2023 మేలో కొత్త జెల్డా ఆట విడుదలకు ముందే బయటికి పొక్కిందని, పది లక్షలకు పైగా అక్రమ డౌన్‌లోడ్లు జరిగాయని కూడా చెప్పింది. యుజు వాళ్లకు అభిమానుల నుంచి నెలనెలా డబ్బు వచ్చేది. కాబట్టి వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదని మేము అనడం లేదు. అమ్మకంలో ఉన్న కొత్త ఆటను దొంగిలిస్తే, దాన్ని తయారుచేసిన వందలమంది చెమటను దొంగిలించినట్టే.

మేము అనేది ఇంకోటి. రాజీ కుదిరింది కాబట్టి, తాళం ఉన్న మిషన్‌కు ఎమ్యులేటర్ రాయవచ్చా అన్న ప్రశ్నకు ఆ కేసులో జవాబు రాలేదు. 2000 నాటి తీర్పును ఎవరూ కొట్టివేయలేదు. కానీ ఈ రాజీ చూసినవాడు ఇక రాయడానికి జంకుతాడు.

ఇంకో విచిత్రం చూడండి. నింటెండో 2006లో వీ మిషన్‌తో పాటు పాత ఆటలు మళ్లీ అమ్మింది. అవి నడిచింది ఎమ్యులేటర్ల మీదే. సోనీ 2018 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ క్లాసిక్ అనే చిన్న డబ్బా అమ్మింది. దాని లోపల నడిచింది పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్. అంటే బయటి ప్రోగ్రామర్లు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఎమ్యులేటర్. ఒకప్పుడు ఏ పనిని కోర్టుకు ఈడ్చిందో, ఆ పనితోనే సోనీ వ్యాపారం చేసుకుంది. ఇన్నాళ్లూ దూరంగా పెట్టిన ఆపిల్ కూడా 2024 ఏప్రిల్‌లో ఐఫోన్ యాప్ స్టోర్‌లో పాత ఆటల ఎమ్యులేటర్లకు తలుపు తీసింది.

పోతే తిరిగి రావు

ఎమ్యులేటర్ లేకపోతే నష్టమేమిటి? అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో ఒక అధ్యయనం విడుదల చేసింది. ఆ దేశంలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు షాపుల్లో దొరకడం లేదని తేల్చింది. పాత మిషన్లు ఎప్పటికైనా పాడవుతాయి, చిప్‌లు మళ్లీ తయారుకావు. తొలి తెలుగు టాకీలు చాలావాటికి ప్రింట్లు మిగల్లేదని ఇవాళ బాధపడుతున్నాం. అను ఫాంట్లతో పాత పేజ్‌మేకర్‌లో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్లు తెరవడానికి ఆ పాత సాఫ్ట్‌వేర్ కోసం వెతుక్కుంటున్నాం. పాత మిషన్‌ను కొత్త మిషన్‌లో బతికించడం ఆటలకే కాదు, ఇలాంటి వాటన్నిటికీ కావాల్సిన విద్య. అయినా పరిశోధకులు పాత ఆటల్ని గ్రంథాలయానికి రాకుండా దూరం నుంచే చూసే వీలు కల్పించమని అడిగితే, 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీసు కాదంది.

మనం తెలుసుకోవాల్సింది

ఎమ్యులేటర్ వేరు, ఆట ఫైలు వేరు. సొంతంగా రాసిన ఎమ్యులేటర్ తప్పు కాదని అమెరికా కోర్టు చెప్పింది. ఎవరో కాపీ చేసి పంచిన ఆట ఫైలు సంగతి అలా కాదు. మనం ఉంటున్న గల్ఫ్ దేశాల్లోనూ కాపీరైట్ చట్టాలున్నాయి, జరిమానాలున్నాయి, జైలు కూడా ఉంది. మెమరీ కార్డులో వందల ఆటలు ఎక్కించి క్యాంపులో అమ్మే పని మనవాళ్లెవరూ పెట్టుకోవద్దు. నాలుగు డబ్బుల కోసం వీసా పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

ఇంట్లో పిల్లలకు మాత్రం ఈ కథ చెప్పండి. ఆ ఎమ్యులేటర్లు రాసినవాళ్లలో చాలామంది జీతం కోసం రాయలేదు. మూసి ఉన్న డబ్బా లోపల ఏం జరుగుతోందో తెలుసుకుని, తమ చేత్తో మళ్లీ కట్టారు. మన పిల్లవాడు ఫోన్‌లో పాత ఆట ఆడుతుంటే ఒక్కసారి ఆపి, ఇది ఎలా నడుస్తోందిరా అని అడిగి చూడండి. వాడికి జవాబు తెలియకపోతే వెతకమనండి.