బోర్డు పోయిందనే ముందు ఫిల్టరు విప్పారా?

వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిపోతే చాలు, "బోర్డు పోయి ఉంటుంది" అనేస్తారు. ఆ మాట అన్నవాళ్లు మూత విప్పలేదు, మీటరు పెట్టలేదు, కుళాయి వస్తోందో లేదో కూడా చూడలేదు. అయినా తీర్పు వచ్చేసింది. బోర్డుకు వేల రూపాయలు పెట్టే బదులు కొత్త మెషీనే కొనమనే సలహా దాని వెనకే వస్తుంది. పరీక్షే లేని చోట రోగం పేరు ఎలా తెలిసింది?

బోర్డే పోతే, తెర మీద లోపం చెప్పే అక్షరాలు చూపిస్తున్నది ఎవరు? ఎల్‌జీ ఫ్రంట్ లోడ్‌లో "ఓఈ" పడితే నీళ్లు బయటికి పోవడం లేదని. "ఐఈ" అంటే లోపలికి రావడం లేదని. "యూఈ" అంటే బట్టలు ఒకపక్కకు ముద్దగా చేరాయని. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలోనే ఉన్న సంగతి ఇది. లోపం ఎక్కడుందో బోర్డు నోరు తెరిచి చెబుతుంటే, సాక్షికే శిక్ష వేస్తారా?

నీళ్లు పోవడం లేదా? ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ఎక్కువ వాటికి ముందువైపు కింది మూలన చిన్న తలుపు ఉంటుంది. ప్లగ్ తీసేయండి. లోపలి నీళ్లు వేడిగా ఉంటే చల్లారనివ్వండి. పక్కన సన్నని గొట్టం ఉంటే ముందు దాన్నుంచి నీళ్లు వదిలి, కింద పళ్లెం పెట్టి, ఫిల్టరు మూతను మెల్లగా తిప్పండి. ముందు మురికినీళ్లు, ఆ వెనక దారాల ఉండ, అందులో చిక్కుకున్న పిన్నీసో, చొక్కా గుండీయో, రూపాయి బిళ్లో వస్తాయి. టార్చి వేసి పంపు రెక్క చూడండి, వెంట్రుకలు చుట్టుకుని ఉంటే తీసేయండి. వేలితో తిప్పితే రెక్క ఆగి ఆగి తిరుగుతుంది. అది చెడిపోయిందని కంగారు పడకండి, లోపల అయస్కాంతం ఉన్న పంపుకు అది సహజం.

నీళ్లు రావడం లేదా? కుళాయి కట్టేసి, వెనక గొట్టం విప్పితే వేలెడంత కూడా లేని జల్లెడ కనిపిస్తుంది. ట్యాంకు అడుగున పేరుకున్న ఇసుక, పైపుల తుప్పు దాన్ని మూసేస్తాయి. పాత టూత్ బ్రష్‌తో తోమితే పోయేదానికి బోర్డు మారుస్తారా? ట్యాంకుకు సరిగ్గా కిందున్న పై అంతస్తులో నీళ్ల ఒత్తిడే తక్కువ, దానికి బోర్డు ఏం చేస్తుంది? చేత్తో ఉతికే పౌడరు గుప్పెళ్లతో పోసి, నురగ పొంగి స్పిన్ ఆగినా నింద బోర్డు మీదేనా?

బోర్డులు అసలు పోవని నేననను. ఓల్టేజీ హెచ్చుతగ్గులకు పోతాయి, తేమకు పోతాయి, లోపల దూరిన బల్లులకు, బొద్దింకలకు పోతాయి. అయితే అది మీటరు పెట్టి తేల్చాల్సిన విషయం. ఇక సెమీ ఆటోమేటిక్ మెషీన్లో మోటారు గుర్రుమంటూ తిరగకపోతే కెపాసిటరు మీద అనుమానం. ప్లగ్ తీసినా దానిలో కరెంటు నిలవ ఉండొచ్చు, కాబట్టి అది ఉన్న వైపు మూత మాత్రం మీరు విప్పకండి.

ఈసారి ఎవరైనా "బోర్డండీ" అంటే, ఏం కొలిచి చెప్పారో అడగండి. కొలత చూపించకపోతే డబ్బు ఇవ్వకండి. బోర్డు మార్చారా, పాతది మీ చేతికి ఇప్పించుకోండి.