సీసాలోని ఊటనీరు

ఫ్రాన్సు సెనేట్ విచారణ సంఘము 2025 మే నెలలో వెలువరించిన నివేదిక నీటిని గూర్చినదే యైనను, అందలి వివాదమంతయు ఒక్క మాటపై నిలిచినది. ఆ మాట ‘సహజము’. పెరియే, విట్టెల్ మొదలగు పేర్లతో అమ్ముచున్న ‘సహజ ఖనిజ జలము’లను అతినీలలోహిత కిరణములతోను, బొగ్గు వడపోతలతోను శుద్ధిచేసినట్లు నెస్లే సంస్థ 2024 జనవరిలో అంగీకరించినది. ప్రభుత్వము 2021 నుండియే ఈ సంగతి నెరిగియు ప్రజలకు దాచినదని సెనేట్ నివేదిక ఆక్షేపించినది.

నీటిని శుద్ధిచేయుట నేరమెట్లగును? సమాధానము ఆ నీటి పుట్టుకలో నున్నది. వాననీరు నేలలో నింకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంత ఆమ్లగుణము పొందును. ఆ గుణముచే సున్నపురాతిని మెల్లమెల్లగా కరగించి, కాల్షియమును, బైకార్బనేటును తనలో చేర్చుకొనును. ఇసుకపొరలు, రాతిపొరలు మలినములను వడకట్టును. ఏ రాతిగుండా నడచిన నీటికి ఆ రాతి రుచి యబ్బును. దక్షిణ ఫ్రాన్సులోని వర్జేజ్ గ్రామమున భూగర్భ వాయువుకూడ దానితో కలిసి బుడగలెత్తుటచే, ఆ ఊటకు ‘మరుగు నీళ్లు’ అను అర్థముగల పేరు వచ్చినది. పెరియే జన్మస్థాన మదియే. 1903లో దానిని కొన్న హార్మ్స్‌వర్త్ అను ఆంగ్లేయుడు, తాను వ్యాయామమునకు త్రిప్పు భారతీయ ముద్గరముల ఆకారమున పచ్చని సీసాను చేయించినాడు.

ఐరోపా చట్టము ప్రకారము సహజ ఖనిజ జలము మూలముననే పరిశుద్ధమై యుండవలెను. క్రిములను చంపు ప్రక్రియ యేదియు దానికి చేయరాదు. ఇనుము, గంధకము వంటివి తొలగించుటకును, వాయువును చేర్చుటకును మాత్రము అనుమతి కలదు. కుళాయినీటిని శుద్ధిచేయుట పురపాలకుల ధర్మము. ఊటనీటిని రహస్యముగా శుద్ధిచేసి పాత పేరుతోనే అమ్ముట వంచన. కొనువాడు అధిక మూల్యమిచ్చుట భూమి చేసిన పనిని నమ్మియే గదా!

బావుల పరిసరములు మారినవని సంస్థ సమాధానము చెప్పినది. అందు సత్యము లేకపోలేదు. 2024లో భారీ వర్షముల తరువాత వర్జేజ్‌లోని ఒక బావిలో మలసంబంధమైన సూక్ష్మజీవులు కనబడగా, సుమారు 20 లక్షల సీసాలను నాశనము చేయవలసి వచ్చినది. నేలపై మనుష్యుడు చేసినది క్రమముగా నేలక్రిందికి దిగును. అయినను ఈ సమాధానమే సంస్థ వాదమును ఖండించుచున్నది. ‘సహజము’ అనగా వెంట పుట్టినది. పరిశుద్ధి వెంట పుట్టనపుడు ఆ పేరును వదలుకొనుటయే న్యాయము.

ఈ విచారణ తెలుగువారికి దూరమైనది కాదు. మన రైల్వేస్టేషనులలో ‘మినరల్ వాటర్’ అని అడిగి కొను సీసాలలో అధికభాగము ఊటనీరు కానేకాదు, శుద్ధిచేసిన త్రాగునీరు. భారత ప్రమాణముల సంస్థ ఖనిజ జలమునకు 13428, శుద్ధిచేసిన త్రాగునీటికి 14543 అను వేరువేరు ప్రమాణములను ఏర్పరచినది. ఆర్.ఓ. యంత్రము నీటిలోని లవణములను చాలవరకు తీసివేయును. ఖనిజములు నీటిని విడిచిపోయినను, వాటి పేరు మన నాలుకను విడువలేదు. సీసామీది చిన్న అక్షరములను చదువు అలవాటు తరగతిగదిలోనే మొదలు కాదగినది.