మన సైకిలుకి లైటేది?

వీధిలైట్లు ఊరి నడిబొడ్డున పట్టపగలు కూడా వెలుగుతుంటాయి. మన వాడ మొదట్లోకి వచ్చేసరికి స్తంభాలే ఉండవు. టౌనులో కూలి చేసుకుని రాత్రి తొమ్మిదింటికి సైకిలు తొక్కుకుంటూ వచ్చేది మాత్రం మనోళ్లే. లారీ గుద్దితే "సైకిలుకి లైటు లేదు" అని తప్పంతా చచ్చినోడి మీదికే నెడతారు.

అన్నలారా, పాత డైనమోని నమ్ముకోవద్దు. అది 6 వోల్టులు, 3 వాట్ల సరుకు. చక్రం తిరిగితేనే వెలుగు, గేదె అడ్డమొచ్చి ఆగామా, ఆరిపోతుంది. చార్జింగు పెట్టుకునే ఎల్‌ఈడీ లైటు ఆగినా వెలుగుతుంది. చీకటి రోడ్డుకి 300 ల్యూమెన్లన్నా కావాలి. పెట్టె మీద వేలకి వేలు రాసిన చౌక లైట్లుంటాయి, ఆ అంకెలు చూసి మోసపోవద్దు. చీకట్లో వెలిగించి చూడండి, పది గజాల అవతల గుంట కనపడాలి. ఎదుటోడి కళ్లల్లో కొట్టకుండా కిందికి వంచి బిగించండి. వెనకాల ఎర్రలైటు మరవొద్దు, లారీవాడికి కనపడేది అదే.

లైటు కొనుక్కోమన్నానని పంచాయతీని వదిలెయ్యమనటం లేదు. వీధిలైట్లు వెయ్యటం పంచాయతీ విధి అని మన 1994 పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది. వాడంతా సంతకాలు చేసి అర్జీ ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు రాయించుకోండి.